ఇ-డ్రైవ్‌లో శుభలేఖలు

మా బాబాయికి తెనాలిలో డి.టి.పి. షాపు ఉంది. కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, ఒక లామినేషన్ మిషను, బల్ల కింద కాగితం రిమ్ములు. కస్టమర్లు కూచునే బెంచీ మీద లావుపాటి ఆల్బమ్ ఒకటి ఉంటుంది. ఇన్నేళ్ళుగా తను వేసిన శుభలేఖలు ఒక్కో కాపీ అందులో అంటించి పెట్టాడు, వచ్చినవాళ్ళకి మోడల్ చూపించడానికి. 2014 ఏప్రిల్ చివర్లో ఆ షాపులో నేనొక ఘనకార్యం చేశాను. పండక్కి అందరం చేరినప్పుడు ఎవరో ఒకరు దాన్ని ఎత్తుతారు. పిన్ని నవ్వుతుంది. బాబాయి మాత్రం ఇంకో గారె వేయించుకుని మాట మారుస్తాడు.

అయితే ఆ పని చేయించిన పొగరు నాకు ఒక్కరోజులో పట్టింది కాదు. అంతకు అయిదేళ్ళ ముందునుంచి పెంచి పోషించుకున్నది.

2009లో హైదరాబాదులో ఎం.సి.ఏ. చదువుతున్నాను. అప్పట్లో ఉబుంటు అనే లినక్సు సీడీని అడ్రసు ఇచ్చిన ప్రతివాడికీ పోస్టులో ఉచితంగా పంపేవాళ్ళు. టికెట్టు కొనుక్కుని మరీ అంతరిక్షానికి వెళ్ళొచ్చిన దక్షిణాఫ్రికా ఆసామి మార్క్ షటిల్‌వర్త్ 2004లో మొదలుపెట్టిన వ్యవహారం అది. 2011లో ఆ సీడీలు పంపడం మానేశారు గానీ, ఈలోపే మా హాస్టల్‌కి చాలా కవర్లు వచ్చాయి. సీడీ పెట్టగానే పక్కవాడి కంప్యూటరులో లేనిది నా కంప్యూటరులో కనిపించింది. కాంపిజ్ అనే సాఫ్ట్‌వేర్ వేస్తే తెర మొత్తం ఒక పెట్టెలాగా గిర్రున తిరిగేది. కిటికీలు పట్టుకుని లాగితే జెల్లీలాగా ఊగేవి. వాటితో పనేమిటని ఎవరూ అడగలేదు. "అబ్బో" అన్నారు. ఆ "అబ్బో" నా కొంప ముంచింది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. లినక్సు అంటే నిజానికి కంప్యూటరు లోపలి గుండెకాయ ఒక్కటే, కెర్నల్ అంటారు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు రాసి లోకానికి వదిలాడు. దాని చుట్టూ ఉండే పనిముట్లు చాలావరకు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టువి. ఈ రెంటికీ తెరమీద కనిపించే డెస్క్‌టాపు, ఆఫీసు సాఫ్ట్‌వేర్, బ్రౌజరు, అప్‌డేట్లు వచ్చే దారి కలిపి ఎవరికి వాళ్ళు వండి వడ్డించేదే డిస్ట్రో. బియ్యం ఒకటే. పులిహోర చేసేవాళ్ళు ఒకరు, దద్ధోజనం చేసేవాళ్ళు ఒకరు. ఇయాన్ మర్డాక్ అనే ఆయన 1993లో తన పేరూ ప్రియురాలు డెబ్రా పేరూ కలిపి డెబియన్ అన్నాడు. ఉబుంటు డెబియన్ మీద కట్టింది, మింట్ ఉబుంటు మీద కట్టింది. ఇలా వందల్లో ఉన్నాయి. అన్నీ ఉచితం. చిక్కంతా అక్కడే ఉంది. డబ్బు పెట్టి కొనేదైతే నాలుగుసార్లు ఆలోచిస్తాం. ఉచితం కాబట్టి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

రెండేళ్ళలో పద్నాలుగు డిస్ట్రోలు మార్చాను. ఇవాళ ఇది, శనివారం రాత్రి ఇంకోటి. డిస్ట్రోవాచ్ సైటు జాబితాలో పైనున్నదాన్ని పట్టుకోవడం, నెల తిరక్కుండా వదిలేయడం. ఆ జాబితా ఎవరి పేజీని ఎంతమంది తెరిచి చూశారన్న లెక్కే గాని, ఎంతమంది వాడుతున్నారన్న లెక్క కాదని కూడా నాకు చాలాకాలం తెలియదు. నా లాప్‌టాప్‌లో వైఫై చిప్పు ఒకటుండేది. దాన్ని నడిపించే ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కనుక సీడీలో ఉండేది కాదు, విడిగా నెట్ నుంచి దింపుకోవాలి. నెట్ రావాలంటే వైఫై పనిచెయ్యాలి. పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు. డిస్ట్రో మార్చిన ప్రతిసారీ లాప్‌టాప్ మోసుకుని వార్డెను గదికి వెళ్ళి ఆయన కంప్యూటరు వెనకున్న నెట్ తీగ పీకి నాది తగిలించుకునేవాడిని. ఆయన పేపరు మీంచి తలెత్తి, "మళ్ళీనా?" అనేవాడు. (డెబియన్ వాళ్ళు ఇలాంటి ఫర్మ్‌వేర్‌ని తమ మామూలు ఇన్‌స్టాలరులోనే కలిపి ఇవ్వాలని ఓటు వేసుకుని, 2023లో వచ్చిన 12వ వెర్షను నుంచి అలాగే ఇస్తున్నారు. నాకు పద్నాలుగేళ్ళు ఆలస్యంగా అందిన వరం.)

ఆఖరికి రోలింగ్ పద్ధతిలో నడిచే డిస్ట్రో ఒకటి పట్టుకున్నాను. పేరెందుకు, తప్పు దానిది కాదు. రోలింగ్ అంటే దానికి ఇన్నో వెర్షను అన్న మాటే ఉండదు. కొత్తగా ఏది తయారైతే అది వచ్చి చేరిపోతూనే ఉంటుంది. వాడేవాడు తరచూ అప్‌డేట్ చేసుకోవాలి, చేసుకునే ముందు వాళ్ళేం చెప్పారో చదువుకోవాలి. నేను పరీక్షల హడావిడిలో మూడు నెలలు ముట్టుకోలేదు. క్యాంపస్ ఇంటర్వ్యూ రోజు తెల్లవారుజామున, ప్రాజెక్టు చూపించాలి కదా, అంతా తాజాగా ఉండాలని ఒక్కసారిగా అప్‌డేట్ కొట్టాను. ఏమీ చదవలేదు. తిరిగి ఆన్ చేస్తే నల్లటి తెర, ఎడమవైపు మూలన మిణుకు మిణుకుమంటూ ఒక గీత. ప్రాజెక్టును నోటితో వర్ణించి వచ్చాను. ఉద్యోగం రాలేదు. అందుకు తెర ఒక్కటే కారణమని చెప్పను, నా వర్ణన కూడా అలాగే ఉంది.

ఇంత జరిగినా నేను నేర్చుకున్నది ఒక్కటే, నల్లతెరని బాగుచెయ్యడం. దాన్నే గొప్ప విద్య అనుకున్నాను. పాడైనదాన్ని బాగుచెయ్యడం తెలిసినవాడికి ఎదుటివాడి కంప్యూటరు కూడా పాడైతే ఫరవాలేదనిపిస్తుంది.

2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. బాబాయి షాపులో ఉన్నది ఎక్స్‌పీయే. షాపు కంప్యూటరంటే మాటలు కాదు. రోజుకి నలభైమంది పెన్‌డ్రైవ్‌లు పెడతారు. ఆధార్ కాపీ అని ఒకరు, రెజ్యూమె అని ఒకరు. ప్రతి పెన్‌డ్రైవ్‌లోనూ ఒక వైరస్ వచ్చేది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయి, తెరిస్తే ఏమీ ఉండేది కాదు. వారానికోసారి ఎదురు సందులో రిపేరు కుర్రాడు వచ్చి ఏదో చేసి వంద తీసుకుపోయేవాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్త, సెలవు పెట్టి ఇంటికొచ్చాను. చూసి ఊరుకోలేకపోయాను.

"బాబాయ్, దీనికి లినక్సు వేద్దాం. వైరస్ అన్న మాటే ఉండదు. పైసా ఖర్చు లేదు."

"నాకు పేజ్‌మేకర్ వస్తది గదా అందులో?"

"వస్తుంది."

ఆ "వస్తుంది" అన్న మాట ఏ ధైర్యంతో అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. వైన్ అని ఒకటుంది (తాగేది కాదు), విండోస్ సాఫ్ట్‌వేర్‌ని లినక్సు మీద నడిపిస్తుంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అందులో తెరుచుకుందని ఎవరో రాసింది చదివాను. నేను స్వయంగా తెరిచి చూడలేదు. ఆయన పనిలో పేజ్‌మేకర్ సగమే. రెండో సగం తెలుగు. అది నాకు తట్టనే లేదు.

ఇంకోమాట. అది ఏప్రిల్ ఆఖరు. మే 7న మాకు పోలింగు. వైశాఖ మాసం ముహూర్తాలు. ఒక పక్క కరపత్రాలు, ఒక పక్క శుభలేఖలు. సంవత్సరం మొత్తంలో ఆ షాపులో చెయ్యి వెయ్యకూడని పది రోజులేవంటే అవే. బాబాయి ఆ మాట అన్నాడు కూడా. "ఎలక్షన్లు కానియ్‌రా, తర్వాత చూద్దాం." నా సెలవు మూడు రోజులు. నాకు తీరిక దొరికిన రోజే ఆయనకి మంచిరోజనుకున్నాను.

రాత్రి పదింటికి షాపు మూశాక కూచున్నాను. పెన్‌డ్రైవ్ మీంచి లినక్సు తెరిచి, ముందుగా ఫైళ్ళన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేద్దామని మొదలుపెట్టాను. ఇక్కడ ఒక చిన్న సంగతి, వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా తప్పంతా దాంట్లో ఉంది. విండోస్‌లో డ్రైవ్‌లకి సి, డి, ఇ అని అక్షరాలుంటాయి. లినక్సులో ఆ అక్షరాలుండవు. పేరు పెట్టి ఉంటే పేరు, లేకపోతే ఇంత జీబీ వాల్యూమ్ అని సైజు చూపిస్తుంది. బాబాయి డి, ఇ రెండూ ఒకే సైజుకి కోసి ఉన్నాయి, దేనికీ పేరు లేదు. ఒకే పేరుతో రెండు బొమ్మలు ఒకదాని కింద ఒకటి. నేను మొదటిదాన్ని కాపీ చేశాను. టీ తాగొచ్చాను. తిరిగొచ్చి మళ్ళీ మొదటిదాన్నే తెరిచాను. ఈ ఫైళ్ళు ఇప్పటికే ఉన్నాయి, వదిలెయ్యనా అని అడిగింది. వదిలెయ్ అన్నాను. రెండు డ్రైవ్‌లూ అయిపోయాయనుకున్నాను.

తర్వాత ఇన్‌స్టాలరు రెండు దారులు చూపించింది. విండోస్‌ని ఉంచి పక్కన వెయ్యనా, డిస్కు మొత్తం తుడిచి వెయ్యనా? రెండోదానికి ఎర్రగా హెచ్చరిక కూడా ఉంది. పక్కన వేస్తే బాబాయి మళ్ళీ ఎక్స్‌పీలోకే పోతాడని నా భయం. ఆయన మీద నమ్మకం లేక తుడిచేశాను. పావుగంటలో అయిపోయింది. కొత్త తెర, మంచి వాల్‌పేపరు. రాత్రి ఒంటిగంటకి చూసుకుని మురిసిపోయాను.

పొద్దున్న ఎనిమిదింటికి మొదటి బేరం. ఒక వార్డు అభ్యర్థి మనుషులు కాదు, పెద్ద ఎలక్షనే, వెయ్యి కరపత్రాలు కావాలి, మొన్నటి మేటరే, ఫొటో మార్చాలి. బాబాయి ఫైలు తెరిచాడు. తెరమీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొమ్ములూ తోకలూ కలిసి ఏదో దయ్యాల భాషలాగా ఉంది.

దీని కారణం ఇప్పుడైతే అరనిమిషంలో చెప్పగలను. యూనికోడ్‌లో తెలుగుకి విడిగా 128 గదులున్నాయి. అందులో రాసిన "క" ఏ కంప్యూటరులోనైనా "క"యే. మన డి.టి.పి. లోకంలో ఎక్కువభాగం ఆ పద్ధతికి ముందు పుట్టిన ఫాంట్లతో నడిచింది. వాటిలో "క" తలకట్టు ఒక ఇంగ్లీషు అక్షరం గదిలో, దాని కింద భాగం ఇంకో గుర్తు గదిలో కూచుంటాయి. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు, ఫాంటు తీసేస్తే గదులే మిగులుతాయి. ఫాంటు తెచ్చి వేస్తే అక్షరాలు కనిపించాయి, నిజమే. వైన్‌లో పేజ్‌మేకర్ కూడా తెరుచుకుంది. కానీ బాబాయి మీట నొక్కితే తెలుగు పడటానికి వెనకాల నడిచే టైపింగు సాఫ్ట్‌వేర్ వేరే ఉంది. అది విండోస్‌లో మీటలన్నిటినీ మధ్యలో అందుకుని మార్చి పంపుతుంది. వైన్‌లో నాకు అది ఎంతకీ నడవలేదు. సరే, లినక్సులో తెలుగు కీబోర్డు ఉంది కదా, దాంట్లో కొట్టమన్నాను. అది ఇన్‌స్క్రిప్ట్. బాబాయి వేళ్ళు పదిహేనేళ్ళుగా ఇంకో లేఅవుటుకి అలవాటుపడ్డాయి. ఆయన మీట వైపు చూడకుండా, కస్టమరుతో మాట్లాడుతూ, మధ్యలో టీ తాగుతూ నిమిషానికి మూడు వరసలు కొట్టే మనిషి. ఆ రోజు ఒక చూపుడు వేలు పైకెత్తి, మీటల మీద "క" ఎక్కడుందా అని వెతుకుతూ కూచున్నాడు. నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది పోయిన ఫైళ్ళు కాదు, గాల్లో ఆగిపోయిన ఆ వేలు.

ప్రింటరు సంగతి ఇంకోటి. చవకరకం లేజరు ప్రింటర్లకి చాలావాటికి సొంత బుర్ర ఉండదు. పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటరులోని డ్రైవరే చేసి పంపాలి. ఆ డ్రైవరు తయారుచేసినవాళ్ళు విండోస్‌కే ఇస్తే లినక్సుకి దారి లేదు, ఎవరో పూనుకుని రాస్తే తప్ప. ఆ మోడల్‌కి లినక్సులో దారి ఉందో లేదో రెండు నిమిషాల్లో వెతికి చూసుకోవచ్చు. చూసుకోలేదు. కరపత్రం అడుగున ముద్రించినవాళ్ళ పేరూ, ప్రచురించినవాళ్ళ పేరూ ఉండి తీరాలని ఎన్నికల చట్టం. మధ్యాహ్నానికి ఎలాగో ఒక కాపీ బయటికి వచ్చింది. ఆ అడుగు వరస మొత్తం డాలరు గుర్తులు. కస్టమరు దాన్ని పట్టుకుని, "ఏందండీ ఇది, మనకి ఈ గుర్తు ఇచ్చారా ఏంది?" అన్నాడు. షాపులో అందరూ నవ్వారు. బాబాయి డబ్బు తిరిగిచ్చేశాడు.

సాయంత్రం ఒకావిడ వచ్చింది. "పోయినేడు మా పెద్దమ్మాయికి వేశారు గదండీ, అదే మోడలు, పేర్లు మార్చండి చాలు." పాత శుభలేఖల మేటర్లన్నీ ఇ-డ్రైవ్‌లో ఉండేవి. ఆరేళ్ళవి. "ఇ ఏదిరా?" అన్నాడు బాబాయి. అప్పుడు తెలిసింది నాకు.

మూడు రాత్రులు టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ పెట్టుకుని కూచున్నాను. రెండూ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే, తుడిచిన డిస్కులోంచి ఫైళ్ళు ఏరడానికి వాటిని మించినవి నేను చూడలేదు. కానీ తుడిచిన చోట అప్పటికే కొత్త సిస్టమ్ కూచుని ఉంది. పెళ్ళికూతుళ్ళ, పెళ్ళికొడుకుల ఫొటోలు వందల్లో వచ్చాయి, పేర్లు లేకుండా, ఉత్త అంకెలతో. మేటర్లు చాలావరకు రాలేదు. ఎవరి ఫొటో ఎవరి కార్డుదో దేవుడికే తెలియాలి.

ఎదురు సందు కుర్రాడు వచ్చి రెండు గంటల్లో ఎక్స్‌పీ వేసి, ఫాంట్లు వేసి, ప్రింటరు నడిపించి మూడొందలు తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నా వైపు చూసి, "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేరా?" అన్నాడు. తర్వాత రెండు నెలలపాటు రాత్రిళ్ళు పిన్ని ఆ బెంచీ మీది ఆల్బమ్ తెరిచి ఒక్కో శుభలేఖా పైకి చదివేది, బాబాయి మళ్ళీ కొట్టేవాడు. ఇ-డ్రైవ్‌కి మిగిలిన బ్యాకప్ జిగురుతో అంటించిన ఆ ఆల్బమ్ ఒక్కటే. నేను హైదరాబాదులో ఉన్నాను, నల్లతెరలు బాగుచేసుకుంటూ.

ఏ డిస్ట్రో మంచిదని నన్ను అప్పుడెవరైనా అడిగితే గంటసేపు మాట్లాడగలిగేవాడిని. డెస్క్‌టాపుల్లో గ్నోమ్ మంచిదా, కేడీయీ మంచిదా. ఆ షాపులో వీటికి ఏ విలువా లేదు. ఫెడోరా ఆరునెలలకొకటి వస్తుందనీ, ఒక్కో వెర్షను పదమూడు నెలలే చూస్తారనీ, ఉబుంటులో రెండేళ్ళకోసారి వచ్చే ఎల్.టి.ఎస్. అయితే అయిదేళ్ళు చూస్తారనీ నాకు కంఠతా వచ్చు. కానీ నేను వెళ్ళిపోయాక తెనాలిలో బాబాయి ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, అసలు ప్రశ్నే లేదు. కేరళ ప్రభుత్వ బడుల్లో దాదాపు రెండు దశాబ్దాలుగా లినక్సు నడుస్తోంది. అక్కడ టీచర్లకి ట్రైనింగు ఇచ్చారు, పాఠాలు దానిమీదే రాశారు, ఒక బడిలో ఆగితే పక్క బడిలో తెలిసినవాళ్ళున్నారు. మన దగ్గర స్వేచ్ఛ సంస్థవాళ్ళు తెలుగులో మెనూలతో సహా ఆపరేటింగ్ సిస్టమ్ చేసి చూపించారు, ప్రభుత్వ సంస్థ సీ-డాక్ బాస్ అని డెబియన్ మీద ఒకటి కట్టింది. ఇవేవీ బాబాయి వీధి దాకా రాలేదు. వీధిలో ఉన్నది ఎదురు సందు కుర్రాడు. అతనికి ఏది వచ్చో అదే ఆ వీధికి మంచి ఆపరేటింగ్ సిస్టమ్. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, ఎందుకంటే లినక్సు మీద ప్రేమ చావలేదు. ఇప్పటికీ చావలేదు. నా సొంత కంప్యూటరులో పదహారేళ్ళుగా ఇంకోటి లేదు.

ఎంతకాలం చూస్తామన్న మాటని కూడా పట్టిచూడాలని తర్వాత తెలిసింది. 2029 దాకా ఉంటుందనుకున్న సెంట్ఓయెస్ 8 అనే డిస్ట్రోని 2021 డిసెంబరుతోనే ముగిస్తున్నామని 2020లో ప్రకటించారు. అది సర్వర్ల గొడవే, ఇంటి కంప్యూటర్లది కాదు. అయినా ఎవరు వండుతున్నారో, రేపు కూడా వండుతారో లేదో చూసి పంక్తిలో కూచోవాలని అప్పుడు అర్థమైంది.

2025లో అక్క ఫోను చేసింది. రేపల్లె దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. "ఒరే, అక్టోబరు 14 తర్వాత విండోస్ పది పనిచెయ్యదంట గదా, కొత్త లాప్‌టాప్ కొనాలా?" పనిచెయ్యకపోవడం కాదు, అప్‌డేట్లు ఆగిపోతాయి, కావాలంటే ఇంకో ఏడాది పొడిగింపు ఉందని చెప్పాను. ఆమెది అయిదో తరం ఐ3, నాలుగు జీబీ ర్యామ్. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 చిప్పు కావాలంటుంది. ఆ లాప్‌టాప్‌కి దారి లేదు. నా నాలిక చివరిదాకా వచ్చింది, "లినక్సు వేద్దాం" అని. ఆగి, "వారంరోజులు ఒక నోటుబుక్కులో రాయి, కంప్యూటరు ముందు కూచున్నప్పుడల్లా ఏం చేశావో" అన్నాను.

"హోమ్‌వర్కా?" అంది.

రాసింది. తెలుగు ప్రశ్నపత్రాలు టైపు చెయ్యడం. పిల్లల మార్కులు. వాట్సాప్. బ్యాంకు. యూట్యూబ్‌లో పాఠాలు దింపి బడిలో ప్రొజెక్టరుకి పెట్టడం. ఇంకు ట్యాంకు ప్రింటరు, దాంతోనే స్కానింగు. మండల ఆఫీసు నుంచి వచ్చే ఎక్సెల్ షీటు ఒకటి, నొక్కితే అదే మొత్తాలు వేసుకునే రకం. మనవరాలి ఫొటోలు. నేనైతే ఇందులో సగం ఊహించి ఉండేవాణ్ణి కాదు, ప్రొజెక్టరు సంగతి అసలే.

ఒక ఆదివారం పెన్‌డ్రైవ్‌తో వెళ్ళాను. డిస్కు ముట్టుకోలేదు. పెన్‌డ్రైవ్ మీదనుంచే లినక్సు మింట్ తెరిచి నోటుబుక్కు పక్కన పెట్టుకున్నాం. వైఫై, కెమెరా, చప్పుడు. మూత వేసి తీస్తే లేస్తుందా? లేచింది. ప్రింటరు అచ్చేసింది, స్కాను కూడా చేసింది. ప్రొజెక్టరు లేదు కాబట్టి టీవీకి తీగ పెట్టి చూశాం. తెలుగు తను ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే మనిషి, ఆర్.టి.ఎస్. పద్ధతి పెట్టాను, సరిపోయింది. సిలికాన్ ఆంధ్రా వాళ్ళు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లు వేశాను. మండలి, సూరన్న, ధూర్జటి, అన్నీ యూనికోడే. వాటిలో తెనాలి రామకృష్ణ పేరుతో ఉన్న ఫాంటుని బాబాయికి చూపించాలనుకున్నాను. మండల ఆఫీసు షీటు మాత్రం మింట్‌లోని లిబ్రెఆఫీస్‌లో తెరుచుకుంది గాని, దాని మీటలు నొక్కితే మొత్తాలు పడలేదు. విండోస్‌ని పక్కన ఉంచనా అని అడిగాను. "ఆ ఒక్కటీ బళ్ళో కంప్యూటర్లో చేసుకుంటాలే, నెలకోసారే గదా" అంది. ఆ నిర్ణయం నేను తీసుకోలేదు. 2014లో అయితే నేనే తీసుకునేవాణ్ణి.

ఆ తర్వాత కూడా నాలుగు రోజులు ఆగాం. ఫైళ్ళు రెండు చోట్ల కాపీ చేసి, నోటుబుక్కు చూస్తూ ఒక్కో ఫోల్డరూ తనే తెరిచి చూసుకుంది. ర్యామ్ ఎనిమిది జీబీ చేసి, పాత హార్డ్‌డిస్కు పీకి ఎస్.ఎస్.డి. వేశాను. పీకిన డిస్కుని తుడవలేదు, కవర్లో పెట్టి తేదీ రాసి బీరువాలో పెట్టించాను. మింట్‌లో సినమన్, మేట్, ఎక్స్‌ఎఫ్‌సీయీ అని మూడు రకాలుంటే, పాత యంత్రం కనుక తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీయీ వేశాను. 22వ వెర్షను వరసకి 2029 దాకా అప్‌డేట్లున్నాయి. కిందన ఎడమవైపు మెనూ ఉంది, అక్కకి అది చాలు. దాని పేరేమిటో ఇప్పటికీ తనకి తెలియదు. బడిలో ఎవరైనా అడిగితే "మా తమ్ముడు వేసిన విండోస్" అంటుందట. ఈ పదహారేళ్ళలో నేను వేసిన వాటన్నిటిలో మారు మాట లేకుండా నడుస్తున్నది అదొక్కటే. తెర తిప్పి చూపించడానికి అందులో ఏమీ లేదు.

పోయిన నెల బాబాయి ఫోను చేశాడు. షాపులో ఇప్పుడు మూడు కంప్యూటర్లు. గుమ్మం దగ్గరున్న పాతదాంట్లో రెండేళ్ళ కిందట ఆయన అడిగితేనే మింట్ వేశాను. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు ముందు దాంట్లో తెరుస్తారు. విండోస్ వైరస్‌లు అందులో నడవలేవు. ఆధార్ కాపీలన్నీ అక్కణ్ణుంచే పోతాయి. లోపల మేటర్ కొట్టే కంప్యూటరు మాత్రం ఆ పాతదే.

"ఒరే అబ్బాయ్, ఇది గూడా ముసలిదైపోయింది. దీనికి గూడా నీ లినక్సు వేసెయ్యొచ్చా?"

"వద్దు బాబాయ్. దానికి నెట్ తీగ పెట్టకు, అంతే. అందులో ఇ-డ్రైవ్ ఉందిగా, నేను వచ్చినప్పుడు ముందు దాన్ని రెండు చోట్ల కాపీ చేద్దాం. నువ్వు పక్కన కూచో."